కోలాటానికి గ.సా.భా.

ఈ దేశం రావడానికి మా ఆవిడ నాలుగు పరీక్షలు రాసి నాలుగూ పాసయింది. నేను ఒక్కటే పాసయ్యాను. అది రక్తపరీక్ష. ఆమె నర్సు, నేను నర్సుగారి మొగుణ్ని. వీసా కాగితంలో నా అర్హత అంతకన్నా ఎక్కువేమీ లేదు. ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేసినప్పుడు మా లెక్కల మాస్టారు ఇంటికొచ్చారు. పిల్లవాణ్ని మాన్పించొద్దని బతిమాలతారనుకున్నాం. ఆయన మా నాన్న చేతులు రెండూ పట్టుకుని థాంక్సు చెప్పి, మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

అలాంటివాణ్ని గ.సా.భా. గురించి రాస్తున్నానంటే నవ్వండి, ఫరవాలేదు. గరిష్ఠ సామాన్య భాజకం అని పూర్తిగా పలకాలంటే నాకు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. నాకు అర్థమైనంతవరకు అది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు సంఖ్యలుంటాయి. ఆ రెండింటినీ ఏమీ మిగలకుండా భాగించే అంకెలు కొన్ని ఉంటాయి. పెళ్లిలో ఇరుపక్షాలూ పేచీ పెట్టకుండా ఒప్పుకునే మాటల్లాంటివన్నమాట. వాటిలో అన్నిటికన్నా పెద్దది గ.సా.భా. ఇరుపక్షాలూ దేనికీ ఒప్పుకోకపోతే చివరికి ఒకటి మిగులుతుంది. ఒకటి ఎవరికైనా కుదురుతుంది, ఎవరికీ పనికిరాదు.

మేముండేది మెల్‌బోర్న్‌లో, క్రాన్‌బర్న్ వైపు. నేను ఒక గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాను. చుట్టుపక్కల తెలుగువాళ్లంతా ఐటీ, బ్యాంకులు, ఆస్పత్రులు. మొదట్లో ఎవరింటికి బార్బెక్యూకి వెళ్లినా, ఏం చేస్తుంటారని అడిగేవారు, చెప్పేవాణ్ని, 'ఓ నైస్' అని పక్కవాళ్లవైపు తిరిగిపోయేవారు. ఒకరోజు చికెన్ కాలుస్తూ, కొత్తగా పెద్ద ఇల్లు కట్టుకున్న ఒకాయన గురించి ఒక మాటన్నాను. ఆ ఇంట్లో భార్యాభర్తలు పోట్లాడుకోవాలన్నా ముందు ఫోన్ చేసి ఏ గదిలో ఉన్నారో కనుక్కోవాలి అన్నాను. ఆయన తప్ప అందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అప్పటినుంచి నాకు పిలుపులు పెరిగాయి. ఎవరిమీద జోకేస్తానో వాళ్లకి తప్ప మిగతా అందరికీ నేనంటే ఇష్టం. ఒక్కోసారి ఒక్కొక్కరి మీదే వేస్తాను కాబట్టి, ఎప్పుడు చూసినా నేను దాదాపు అందరికీ ఇష్టుణ్నే.

అలా మా తెలుగు సంఘం కార్యక్రమాలన్నిటికీ నేనే యాంకరునయ్యాను. రిహార్సల్సుకి స్పీకర్లు మోయడం, పాటలు పెట్టడం, మధ్యలో మైకు పట్టుకుని జనాన్ని నవ్వించడం నా పని.

ఆ ఏడు దీపావళికి ఆడవాళ్లూ ఆడపిల్లలూ కలిసి కోలాటం వేయాలనుకున్నారు. అంతకుముందు ఏడాదీ వేశారు. దాని తర్వాత జరిగింది కోలాటం కాదు, కర్రసాము. ఒక వలయంలో పిల్లలు ఎక్కువయ్యారు, ఇంకో వలయంలో పెద్దవాళ్లు ఎక్కువయ్యారు. మా పాప వీడియోలో ఎవరి నడుము వెనకాల ఉందో వెతుక్కోవాల్సి వచ్చిందని ఒక తల్లి గ్రూపులో మెసేజ్ పెట్టింది. మీ పాప కనిపించకపోవడమే నయం, స్టెప్పులు రాలేదు కదా అని ఇంకో తల్లి జవాబిచ్చింది. ఆ గొడవ సంక్రాంతి దాకా నడిచింది. అందుకని ఈసారి లెక్క అంకుల్‌కి అప్పగించారు.

అంకుల్ అంటే ఇక్కడ యూనిలో ఇంజనీరింగు చెప్పి రిటైరయిన ప్రొఫెసరుగారు. నలభై దాటిన నేను కూడా ఆయన్ని అంకుల్ అనే అంటాను. ఆయన మాటకి మా సంఘంలో ఎదురుండదు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఎన్ని వలయాలైనా సరే, ప్రతి వలయంలో పెద్దవాళ్ల సంఖ్య ఒకటే ఉండాలి, పిల్లల సంఖ్యా ఒకటే ఉండాలి. అప్పుడు ఏ తల్లీ నోరెత్తదు. వలయాలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది, చిన్న వలయంలో ప్రతి పాపా కనిపిస్తుంది. అలా ఎక్కువలో ఎక్కువ ఎన్ని వలయాలు వస్తాయో చెప్పేదే గ.సా.భా. అని ఆయన వివరించారు. ఇంజనీర్లంతా తలలూపారు. నేనూ ఊపాను, ఊపడానికి డిగ్రీ అక్కర్లేదు కదా.

రిహార్సల్సు ఒక ప్రైమరీ స్కూలు జిమ్‌లో, శనివారం మధ్యాహ్నాలు. బయట మాగ్‌పై పిట్టలు గూళ్లు కట్టుకునే కాలం. కారు దిగి తలుపు దాకా వచ్చేలోపు నెత్తిమీద పొడుస్తాయని పిల్లలంతా ప్లాస్టిక్ డబ్బాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చేవారు. ఆ శనివారం అందరూ వచ్చాక అంకుల్ తలలు లెక్కపెట్టారు. ఆడవాళ్లు ఇరవై ఆరుగురు. పిల్లలు పదిహేనుమంది.

చక్రాల మీద నడిచే తెల్లబోర్డు ఒకటి తోసుకొచ్చి, ఆయన మా చిన్నప్పటి భాగాహార పద్ధతి మొదలుపెట్టారు. చిన్నదాంతో పెద్దదాన్ని భాగించు. వచ్చిన శేషంతో ఆ చిన్నదాన్ని భాగించు. మళ్లీ వచ్చిన శేషంతో ముందు శేషాన్ని భాగించు. సున్న వచ్చేదాకా ఇదే పని. ఆఖర్న ఏ అంకెతో భాగించామో అదే జవాబు. పదిహేనుతో ఇరవై ఆరుని భాగిస్తే పదకొండు మిగిలింది. పదకొండుతో పదిహేనుని భాగిస్తే నాలుగు. ఆయన మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నారు, బోర్డు అడుగు దగ్గరపడుతోంది.

ఆయన నాలుగు దగ్గర ఉండగానే, ముందు వరసలో నేలమీద కూర్చున్న ఒక పాప చెయ్యెత్తింది. ఇయర్ ఫైవ్ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. బోర్డుతో దానికి పనిలేదు. వేళ్లమీద రెండు సంఖ్యల భాజకాలూ వేరువేరుగా చెప్పుకుంది. ఇరవై ఆరుకి ఒకటి, రెండు, పదమూడు, ఇరవై ఆరు. పదిహేనుకి ఒకటి, మూడు, అయిదు, పదిహేను. రెండు చోట్లా ఉన్నది ఏదో చూసుకుంది.

"ఇట్స్ వన్," అంది, పళ్లన్నీ బయటపెట్టి.

అంకుల్ మిగతా మెట్లు కూడా దిగి చూసుకున్నారు. మూడు, ఆ తర్వాత ఒకటి. పాప తల నిమిరి గుడ్ గర్ల్ అన్నారు. వెనక నిలబడిన వాళ్లమ్మ మురిసిపోవడం నేను చూశాను.

ఆ అమ్మ గురించి చెప్పాలి. పక్క సబర్బులో ఒక చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. కరీంనగర్ వైపు మనిషి. అంతకు ఏడాది ముందు ఆమె భర్త పెర్త్‌లో మంచి ఉద్యోగమని వెళ్లి, అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. వెళ్లిపోయింది అతను, పిలుపులు ఆగిపోయింది ఈమెకి. అతను మెల్‌బోర్న్ వచ్చినప్పుడల్లా మావాళ్లే ఎయిర్‌పోర్టుకి వెళ్లి తీసుకొస్తారు, ఇంట్లో పెట్టుకుంటారు, క్రికెట్‌కి తీసుకెళ్తారు. ఈమెని మాత్రం వ్రతాలకి పిలవడం మానేశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమైనా అంటే జవాబు చెప్పే అవకాశం ఉండేది. కోలాటానికి పేర్లు ఇమ్మని గ్రూపులో అడిగినప్పుడు ఆమె తన పేరూ పాప పేరూ పెట్టింది. గ్రూపులో అందరూ ఉంటారు కాబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

గ.సా.భా. ఒకటి అంటే నలభై ఒక్కమంది ఒకే వలయంలో తిరగాలి. అది కోలాటం కాదు, క్యూ అన్నాను నేను. అంకుల్ నవ్వి, బోర్డు పక్కన ఇంకో లెక్క వేశారు. పెద్దవాళ్లలో ఒక్కరు తగ్గితే ఇరవై అయిదు, పదిహేను. గ.సా.భా. అయిదు. అయిదు వలయాలు, ఒక్కోదాంట్లో అయిదుగురు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు. మొత్తం ఎనిమిది, కర్రలు కొట్టుకోవడానికి నాలుగు జతలు. మధ్యలో ఒక వలయం, చుట్టూ నాలుగు, పైనుంచి వీడియో తీస్తే పువ్వులా ఉంటుంది. ఆయన ఆ పువ్వు కూడా బోర్డు మీద గీశారు. ఇక తెంపాల్సింది ఒక్క మనిషినే.

అప్పుడు మా ఆవిడ ఆ వారం తన డ్యూటీ మారొచ్చని, తను తప్పుకుంటానని అంది. కోలాటం నడిపిస్తున్న డాక్టరమ్మ వెంటనే వద్దంది. డాక్టరమ్మ అంటే పిల్లల డాక్టరు, మా సంఘం సెక్రటరీగారి భార్య. మీకు స్టెప్పులు చక్కగా వచ్చేశాయి, మీరెలా తప్పుకుంటారండీ అంది. మా ఆవిడ అంతకు ముందు వారమే పక్కావిడ వేళ్లమీద కర్రతో కొడితే ఆ వేళ్లకి ఐస్ పెట్టింది ఈ డాక్టరమ్మే. ఆ నోటితోనే స్టెప్పులు చక్కగా వచ్చాయన్నదంటే ఇది లెక్క కాదని నాకు తెలిసిపోయింది. లెక్కకి ఎవరు తప్పుకున్నా ఒకటే కదా.

ఇంకో ఇద్దరు నేల చూశారు. అంకుల్ మార్కరు మూత పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తున్నారు. చదువుకున్నవాళ్లు చాలామంది ఒకచోట చేరి ఒక చెడ్డమాట ఎవరు అంటారా అని ఎదురుచూస్తుంటే ఆ గదిలో గాలి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అలాంటప్పుడే వాళ్లకి నేను కావాలి. మైకు నా చేతిలోనే ఉంది.

"అంకుల్, ఇన్ని భాగాహారాలు అనవసరంగా చేశారండీ," అన్నాను. "తేలేది ఆ ఒక్కరేనని బోర్డు లేకుండానే మాకందరికీ తెలుసుగా."

అని పాప వాళ్లమ్మవైపు చూశాను. చూడకుండా ఉంటే జోకు పేలేది కాదు.

నవ్వులు జిమ్ పైకప్పుకి తగిలాయి. అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డాక్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా నవ్వింది. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా ముందు ఆపేసింది. నేను కూసుంట తియ్యండి, నాకు నడుము నొప్పి కూడ ఉన్నది అంది. ఎవరూ వద్దనలేదు. నా మటుకు నేను ఇప్పటికీ ఆ జోకు సరైన సమయంలోనే పడిందంటాను. ఎక్కడ పడిందన్నది వేరే సంగతి.

పాప నవ్వలేదు. తల తిప్పి వాళ్లమ్మని చూసింది, బోర్డుని చూసింది, మళ్లీ వాళ్లమ్మని చూసింది. లెక్కల్లో చురుకైన పిల్ల. ఎక్కువసేపు పట్టలేదు.

రిహార్సల్ అయ్యాక డాక్టరమ్మ ఆమె దగ్గరికి వెళ్లి చాలా మృదువుగా ఒక సాయం అడిగింది. కోలాటానికి అందరికీ ఒకే రకం చీరలు, ఆకుపచ్చవి, ఎర్ర అంచువి, ఇండియానుంచి తెప్పించారు. ఆమెది ఎలాగూ కట్టుకోదు కాబట్టి స్పేర్‌గా ఉంచితే, ఆ రోజు ఎవరి చీరమీదైనా ఏదైనా ఒలికితే పనికొస్తుంది కదా అని. ఆమె అప్పటికప్పుడు కారులోంచి చీర కవరు తెచ్చి ఇచ్చింది. బ్లౌజు కూడా కుట్టించుకుంది. అది కూడా ఇచ్చేసింది.

నేను స్పీకర్లు వ్యాన్‌లో పెడుతుంటే నా దగ్గరికొచ్చింది. జోకు గురించి అడుగుతుందేమోనని నేను ఇంకో జోకు సిద్ధం చేసుకున్నాను. ఆమె దాని ఊసే ఎత్తలేదు.

"అన్నా, నన్ను తీసేసినా ఏం గాదు. పాపనైతే ఉంచుండ్రి. దాన్ని బర్త్‌డేలకు ఎవ్వరు పిలుస్తలేరు. స్కూల్ల గూడ మన పిల్లలు దాని పక్కకెల్లి లేచిపోతున్నరట. ఈ ఆటల నలుగురితోని నిలవడ్తే మళ్ల కలుపుకుంటరేమో."

నేనున్నా కదమ్మా అన్నాను. అంకుల్‌కి చెబుతానన్నాను. చెప్పాల్సిన అవసరం కూడా లేదనుకున్నాను. పదిహేనులో పాప ఉండాల్సిందే, లేకపోతే వాళ్ల పువ్వే వాడిపోతుంది.

పై శనివారం తల్లీ కూతురూ వచ్చారు. పాప కర్రలు తీసి జిమ్ బెంచీ మీద పెట్టి, వాటి పక్కన కూర్చుంది. వలయంలోకి రమ్మంటే రాలేదు. వాళ్లమ్మ బతిమాలింది, డాక్టరమ్మ కసిరింది, అంకుల్ చాక్లెట్ చూపించారు. చివరికి నన్ను పంపారు. పిల్లలకి నేనంటే సరదా. నేను మోకాళ్లమీద కూర్చుని, నువ్వు రాకపోతే ఆ అంకుల్ లంగా కట్టుకుని నీ ప్లేసులో ఆడతానంటున్నారు, ఆ ఘోరం మనం చూడగలమా అని అడిగాను. మామూలుగా ఏ పిల్లయినా దీనికి నవ్వుతుంది.

"ఇట్ వాజ్ మీ, అంకుల్," అంది. "నేనే చెప్పా, వన్ అని." తెలుగు మాట ఆ పిల్ల నోట వినడం నాకు అదే మొదటిసారి.

పిల్లలు పద్నాలుగయ్యారు. అంకుల్ మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లారు. ఇరవై అయిదు, పద్నాలుగు. శేషాలు పదకొండు, మూడు, రెండు, ఒకటి. మళ్లీ ఒకటే వచ్చింది. ఆయనకి విసుగొచ్చింది. పోయినసారి పాపకి గుడ్ గర్ల్ అన్న మనిషే, క్రమశిక్షణ లేని పిల్లల్ని పెట్టుకుంటే ఇంతేనని అందరికీ వినపడేలా అన్నారు. అలాంటి ఇళ్లలో పిల్లలు ఇలాగే తయారవుతారని ఎవరో వెనకనుంచి కలిపారు.

తల్లిని కూడా వెనక్కి తీసుకుంటే పాప వస్తుంది కదా అని మా ఆవిడ అడిగింది. మళ్లీ ఇరవై ఆరు, పదిహేను అవుతుందమ్మా, అది మనం చేసేసిన లెక్కేగా అన్నారు అంకుల్, చిన్నపిల్లకి చెప్పినట్టు. డాక్టరమ్మ అప్పటికే ఫోన్‌లో ఉంది. ఆమె చెల్లెలిది బెర్విక్, కారులో ఎంతో దూరం లేదు. చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లు. ఇంట్లోనే ఉందట, ఊరికే ఐప్యాడ్ చూస్తోందట. మేము టీ తాగేలోపు తెచ్చేశారు. ఆ పిల్ల వట్టి చేతులతో వచ్చింది. బెంచీమీద ఉన్న కర్రలు తీసి ఇచ్చారు. పాప తల్లి వాటికి ఎరుపూ పసుపూ రంగులు వేసి, చివర గజ్జెలు కట్టి తెచ్చిన కర్రలవి. పాప వాటిని పోనిచ్చింది. కొత్త పిల్ల గజ్జెలు మోగించుకుంటూ వలయంలోకి పరుగెత్తింది. పదిహేను. పువ్వు మళ్లీ విచ్చుకుంది. నేను పాట పెట్టాను.

ఆ వారమంతా ఆమె పాపని ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. మా ఆవిడకి ఫోన్ చేసి, పాప వస్తనన్నది అక్కా, ఈసారి నేను జిమ్ లోపలికి కూడ రాను, కార్లనే కూసుంట అని చెప్పిందట. మా ఆవిడ నాకు చెప్పి, నువ్వు అంకుల్‌తో ముందే మాట్లాడు అంది. మాట్లాడతానన్నాను. శనివారం పొద్దున ఆయన ఫోన్ చేసినప్పుడు నా కొత్త జోకు ఏమిటని అడిగారు, అది చెప్పాను. బాగా నవ్వారు. మంచి మూడ్‌లో ఉన్న మనిషి దగ్గర ఈ విషయం ఎందుకులే, అక్కడికెళ్లాక చూసుకుందాం అనుకున్నాను.

పాప ఒక్కతే లోపలికొచ్చింది. రెండు జడలు, పూలు, ఆకుపచ్చ లంగా. రిహార్సల్‌కి ఎవరూ అంతగా తయారై రారు. నేరుగా అంకుల్ ముందుకెళ్లి నిలబడి, ఐయామ్ రెడీ అని, కర్రల కోసం చెయ్యి చాపింది.

అంకుల్‌కి ఆ పిల్ల మీద కోపం లేదు. ఉండుంటే బాగుండేది, కోపంలో మనిషి ఏదో ఒకటి అని ఊరుకుంటాడు. ఆయనకి పాఠం చెప్పే అలవాటు. పాప భుజం మీద చెయ్యేసి బోర్డు దగ్గరికి తీసుకెళ్లారు. ఇప్పుడు నువ్వొస్తే పిల్లలు పదహారు అవుతారు కదా, ఆడవాళ్లు ఇరవై అయిదు, నువ్వు లెక్కల్లో ఫస్టు కదా, మరి గ.సా.భా. నువ్వే చెప్పు అని మార్కరు చేతిలో పెట్టారు. ఆడవాళ్లంతా కర్రలు దించి చూస్తున్నారు. మా ఆవిడ నావైపు చూసింది. నేను స్పీకరు వైరు సర్దుకున్నాను.

పాప మార్కరు మూత తీయలేదు. వేళ్లు కూడా కదపలేదు. దానికి అక్కర్లేదు. ఇరవై అయిదుకి ఒకటి, అయిదు, ఇరవై అయిదు. పదహారుకి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. నాలాంటివాడికే కాసేపు ఆలోచిస్తే అందుతుంది. ఆ పిల్లకి ప్రశ్న పూర్తికాకముందే తెలిసి ఉంటుంది. పెదవి బిగబట్టి నిలబడింది.

"చెప్పమ్మా. తెలుసుగా నీకు," అన్నారు అంకుల్.

పాప బోర్డుకే చెప్పింది. "వన్."

కరెక్ట్ అన్నారాయన. మరి నువ్వే చెప్పావు కదా, ఇక నేనేం చేయను అన్నట్టు చేతులు చాపారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం ఇంకాస్త సాగితే ఎవరో ఒకరు, బహుశా మా ఆవిడే, ఏదో అనేసేది, కార్యక్రమం చెడిపోయేది. అది నాకు వెంటనే తట్టింది. నా ఉద్యోగమే అది. మైకు తీసుకుని, మన మెల్‌బోర్న్ మేధావికి గట్టిగా చప్పట్లు అన్నాను. అందరూ కొట్టారు. హాయిగా, ఊపిరి తీసుకున్నట్టు కొట్టారు. కొందరు కర్రలతోనే కొట్టారు, టకటకా మోగాయి. ఆ మోత మధ్యలోంచి పాప నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లింది. మాగ్‌పైల కోసం తెచ్చుకున్న డబ్బా నెత్తిన పెట్టుకోవడం మర్చిపోయింది. కార్ పార్కులో కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

దీపావళి కార్యక్రమం ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. కోలాటం బ్రహ్మాండంగా వచ్చింది. అయిదు వలయాలు, వలయానికి ఎనిమిది, ఒక్క పాప కూడా ఎవరి నడుము వెనకా దాక్కోలేదు. పైనుంచి తీసిన వీడియోలో నిజంగానే పువ్వులా ఉంది. ఆ ఏడు గ్రూపులో ఒక్క తల్లీ పేచీ పెట్టలేదు. అంకుల్‌ని స్టేజీమీదికి పిలిచి శాలువా కప్పాం, గ.సా.భా. మీద నేను రెండు జోకులేశాను. స్పేర్ చీర ఎవరికీ అవసరం రాలేదు. డాక్టరమ్మ కారు డిక్కీలోనే ఉండిపోయింది.

తల్లీ కూతురూ వచ్చారు. రారనుకున్నాను. వెనక వరసలో చివర కూర్చున్నారు. కోలాటం నడుస్తున్నంతసేపూ పాప ఒళ్లో ఏదో పుస్తకం పెట్టుకుని చదువుతోంది. తల్లి మాత్రం స్టేజీవైపే చూస్తూ, పాట పల్లవి వచ్చినప్పుడల్లా పెదాలు కదుపుతోంది. ఆ పాట ఆమెకి మొత్తం వచ్చు.

తర్వాత భోజనాలు. హాలులో ఎవరి ప్లేటు వాళ్లు తీసుకుని ఎక్కడైనా కూర్చోవచ్చు. కమిటీవాళ్లకి మాత్రం ముందు భాగంలో తెల్లగుడ్డ పరిచిన పొడుగాటి బల్ల వేశారు. అంకుల్, డాక్టరమ్మ, సెక్రటరీగారు, మిగతా డాక్టర్లూ అక్కడ కూర్చున్నారు. నేను పులిహోర గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాను. వడ్డించేటప్పుడు కూడా నేను నవ్విస్తానని ఆ పని ఎప్పుడూ నాకే ఇస్తారు.

వరసలో ఆమె వంతు వచ్చింది. పాప రాలేదు, ఆకలి లేదందట. ఏదో ఒకటి అని వాతావరణం తేలిక చేద్దామనిపించింది. రెండు ప్లేట్లకి సరిపడా పులిహోర ఒకే ప్లేటులో పెట్టి, "కడుపునిండా తినమ్మా. ఇక్కడ లెక్కలేమీ లేవు, అందరూ సమానమే," అన్నాను.

ఆమె ప్లేటు వెనక్కి తీసుకోలేదు. వరసలో వెనకవాళ్లు నిలబడి ఉన్నా తొందరపడలేదు. తెల్లగుడ్డ బల్లవైపు ఒకసారి చూసి, నావైపు తిరిగింది.

"ఆ బల్ల కాడ కుర్చీలు ఒక్కసారి లెక్కవెట్టి చూడుండ్రి అన్నా. అండ్ల మీ కుర్చీ ఏదో నాకైతే కనవడ్తలేదు."